వెనక సందులో రెండో మెట్లదారి

1962లో నేను నరసరావుపేటలో సొంతంగా ప్లాన్లు గీసి కట్టడాలు చేయించే పని మొదలుపెట్టాను. అంతకుముందు కొన్నేళ్లు సాగరు కుడి కాలువ పనుల్లో మాచర్ల వైపు ఎండల్లో తిరిగాను. నేను చదివింది ఎల్.సి.ఇ., అంటే సివిల్ ఇంజనీరింగులో డిప్లొమా. ఊళ్లో మాత్రం అందరూ ఓవర్సీరు గారనే పిలిచేవాళ్లు. కోర్టు దగ్గర ఒక చిన్న గది అద్దెకు తీసుకుని, డ్రాయింగు బల్ల వేసుకుని కూర్చుంటే మొదట్లో వచ్చినవన్నీ ప్రహరీ గోడలూ, పశువుల కొట్టాలూ.

అలాంటి రోజుల్లో చెన్నకేశవులు గారు నన్ను పిలిపించారు. ఆయన మిర్చి, వేరుశనగ కమీషను వ్యాపారి. స్టేషను రోడ్డులోని పాత భోజన హోటలు ఆయన కొన్నారని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. కోర్టు వాయిదాలకు పల్లెల నుంచి వచ్చినవాళ్లలో ఆ హోటల్లో భోంచేయనివాళ్లు ఉండరు. పెంకుటి కప్పు, మట్టితో కట్టిన రాతి గోడలు. వంటింటి పొగకు దూలాలన్నీ నల్లగా నిగనిగలాడేవి. దాన్ని పడగొట్టి నాలుగంతస్తుల మేడ కట్టాలన్నది ఆయన ఆలోచన. కింద అంగళ్లు, వాటి పైన హోటలు, ఆ పైన లాడ్జి, అన్నిటికంటే పైన తన కాపురం.

పేటలో అప్పటికి మేడ అంటే రెండంతస్తులే. నాలుగంతస్తులు నల్లరేగడి నేలలో నిలబడతాయా అని అందరికీ అనుమానం. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది. దాని మీద పునాది వేస్తే గోడలు పగులుతాయి. అందుకని గట్టి గరప నేల తగిలేదాకా తవ్వించి, అక్కడినుంచి కాంక్రీటు స్తంభాలు లేపాలని చెప్పాను. దీన్ని ఫ్రేమ్ కట్టడం అంటారు. బరువంతా స్తంభాలూ, వాటిని కలిపే బీములూ మోస్తాయి. గోడలు అడ్డు తెరల్లాంటివి, కావలసినచోట పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. పెద్ద పట్నాల్లో ఇది మామూలే. పేటలో మాత్రం కొత్త.

పని ఒప్పుకున్నాక తెలిసింది, హోటలు వెనక భాగంలో ఒక అద్దె కాపురం ఉందని. అక్కడ కరుణమ్మ టీచరు గారు ఉండేవారు. మిషను బళ్లో పాఠాలు చెబుతారు. పెళ్లి చేసుకోలేదు. క్రోసూరు, మాచవరం, రెంటచింతల వైపు పల్లెల నుంచి హైస్కూలు చదువుకు వచ్చే ఆడపిల్లలను ఆ వెనక గదుల్లో ఉంచుకుని, వండిపెట్టి, చదివించేవారు. ముందు వైపు ఎంత జనం ఉన్నా ఆ గదుల తలుపు వెనక సందులోకి ఉండేది కాబట్టి పిల్లలకు హోటలుతో పని పడేది కాదు.

చెన్నకేశవులు గారు ఖాళీ చేయమన్నారు. చేయనని ఆమె చెప్పారు. అద్దెకున్నవాళ్లను బలవంతాన పంపాలంటే కోర్టుకు పోవాలి, కోర్టుకు పోతే పని ఏళ్ల తరబడి ఆగుతుంది. చివరకు ఇద్దరూ కూర్చుని ఒక మాటకు వచ్చారు. కొత్త మేడలో అన్నిటికంటే పై అంతస్తులో సగం ఆమె హాస్టలుకు పాత అద్దెకే ఇస్తారు. మిగతా సగం ఆయన కాపురం. మేడ తయారయ్యేదాకా బడివాళ్లు రెండు గదులు ఇస్తామన్నారు, అదీ వచ్చే జూనులో బళ్లు తెరిచేదాకా మాత్రమే. ఆ ఒప్పందం కుదిరాకే పాత హోటలు పెంకులు దించాం.

పని బాగానే సాగింది. సిమెంటుకు పర్మిట్లు కావలసిన కాలం. దొరికినప్పుడు పని, దొరకనప్పుడు ఎదురుచూపు. మస్తాను మేస్త్రీ చేతి కింద మగవాళ్లు కాంక్రీటు కలిపితే ఆడవాళ్లు తట్టలతో పైకి అందించేవాళ్లు. అంగళ్ల పైకప్పూ, హోటలు పైకప్పూ పోశాం. లాడ్జి అంతస్తు స్తంభాలు లేస్తున్నాయి. స్టేషనులో రైలు దిగినవాళ్లు అటు చూడకుండా పోయేవాళ్లు కాదు.

అప్పుడొక రోజు ఇన్నారెడ్డి అనే రైతు వచ్చాడు. రెంటచింతల నుంచి బస్సెక్కి వచ్చానన్నాడు. ఆయన కూతురు శౌరమ్మ, కరుణమ్మ టీచరు గారి దగ్గర ఉండి తొమ్మిదో తరగతి చదువుతోంది. పిల్ల ఉండబోయే చోటు చూసిపోదామని వచ్చాడు. పై అంతస్తు ఇంకా లేదు కాబట్టి ఆకాశంలోకి వేలెత్తి చూపించాను.

“అంతెత్తు మా పిల్ల ఎట్టా ఎక్కిద్ది?” అని అడిగాడు.

మెట్లు చూపించాను. రోడ్డు వైపు నుంచి మొదలై, హోటలు గుమ్మం ముందునుంచీ, లాడ్జి వసారాలోనుంచీ పైకి పోతాయి. ఆయన నెమ్మదిగా రెండో అంతస్తుదాకా నాతో ఎక్కి ఏ అంతస్తులో ఏముంటుందో ఒక్కొక్కటే అడిగాడు. లాడ్జి అనగానే ఆగాడు.

“దీంట్లో దిగేది ఎవరు?”

వాయిదాలకు వచ్చేవాళ్లు, మిర్చి బేరాలకు వచ్చేవాళ్లు అన్నాను.

“నేనూ వాయిదాలకు తిరిగినోణ్ణే. పొద్దు గూకినాక ఆడ ఎట్టా ఉంటారో నాకు తెలుసు. ఆ వసారాలో నుంచి ఎదిగిన పిల్ల రోజూ ఎక్కి దిగాలంటే నా వల్ల కాదు. ఈ ఏటితో చదువు మానిపిస్తా.”

కోపంగా అనలేదు. చానా మంచి మేడ కడుతున్నారని కూడా చెప్పి, కండువా దులుపుకుని బస్సుకు వెళ్లిపోయాడు. ఆ మాట పల్లెలకు పాకింది. ఇంకా కొందరు తండ్రులు టీచరు గారికి అదే కబురు పంపారు.

మరుసటి వారం కరుణమ్మ గారు నా గదికి వచ్చారు. పొట్టి మనిషి, తెల్ల చీర. కూర్చోమంటే కూర్చోలేదు. వెనక సందులో నుంచి పై అంతస్తుకు ఇంకో మెట్లదారి పెట్టగలవా అని నేరుగా అడిగారు. నేను ప్లాను తీసి చూపించాను. వెనక మూల, సందు పక్కన ఒక చదరం ఉంది. నాలుగు వైపులా బీములున్న ఆ చదరాన్ని మేము ప్యానెల్ అంటాం. మెట్లదారి సరిగ్గా అక్కడ పడుతుంది. మొదటే అనుకుని ఉంటే ఆ మేర స్లాబు పోయకుండా ఖాళీ వదిలేవాళ్లం. ఇప్పుడు రెండు అంతస్తుల స్లాబులు పోసేశాం కనుక పగలగొట్టాలి అని చెప్పాను.

“పగలగొడితే మేడకేమన్నా అయిద్దా?”

“జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదండీ.”

“మరి నీకు అడ్డం ఏంది బాబూ?”

ఉన్నమాట చెప్పాను. ఇది నా మొదటి పెద్ద పని. కొత్త స్లాబు మీద సమ్మెట దెబ్బలు వినపడితే ఓవర్సీరు పోసింది చెడిపోయిందనే ఊరు అనుకుంటుంది. ఎందుకు పగలగొట్టామో ఇంటింటికీ పోయి చెప్పలేను. పైగా ఆ మూలనున్న అంగడిని చెన్నకేశవులు గారు అప్పటికే ఒక విత్తనాల వ్యాపారికి ఇస్తానని మాటిచ్చారు.

ఆమె ప్లాను కాయితాన్ని నా వైపు జరిపారు. “నీ పేరు సంగతి నాకు అర్థమైంది. పేరు పోతే నువ్వు ఇంకో మేడ కట్టి తెచ్చుకుంటావు. శౌరమ్మ పేరు ఒకసారి హాజరుపట్టీలో కొట్టేస్తే మళ్లీ రాయడం నా చేతుల్లో ఉండదు” అన్నారు.

ఆ మాటకు నాకు సిగ్గనిపించింది. ఆ సాయంత్రమే చెన్నకేశవులు గారి కొట్టుకు వెళ్లి అడిగాను. ఆయన ససేమిరా అన్నారు. పైన గదులిస్తానన్నాను, ఇస్తున్నాను, పిల్లలు రాకపోతే నేనేం చేసేది అన్నారు. విత్తనాల వ్యాపారికి ఇచ్చిన మాట పోతుందన్నారు. కొత్త స్లాబు పగిలిందని పేరు పడితే లాడ్జిలో దిగేవాడెవడు, అంగడి తీసుకునేవాడెవడు అని నా భయాన్నే నాకు తిరిగి చెప్పారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకు వాళ్ల ఇంటికి వెళ్లవలసి వచ్చింది. పై అంతస్తులో వాళ్ల వంటిల్లు ఎటు ఉండాలో, దేవుడి గది ఎక్కడో ఆయన భార్య రత్తమ్మ గారినే అడగమన్నారు. ఆయన కొట్లో ఉన్నారు. రత్తమ్మ గారు ప్లాను కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఈ గీతలు తనకు బోధపడవని, నేల మీద గీసి చూపించమని అన్నారు. సుద్దముక్క తెప్పించి, వాళ్ల పెద్ద సావిడి నేల మీద పై అంతస్తు మొత్తం పెద్దగా గీశాను. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని అందులో నడిచారు. ఇక్కడ పొయ్యి, ఇక్కడ తొట్టి, ఇక్కడ మా అత్తగారి మంచం అంటూ ఒక్కో గదీ తిరిగారు. ఆమె అత్తగారు ఆ సావిట్లోనే గోడకానుకుని కూర్చుని అంతా చూస్తున్నారు. చెవులు బాగానే వినిపిస్తాయి కానీ లేచి నడవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి.

తిరిగి తిరిగి రత్తమ్మ గారు ఒకచోట ఆగి, “బయటికి పోయే దారేది నాయనా?” అన్నారు.

చూపించాను. ఆ మెట్లు ఎటు దిగుతాయో అడిగారు. లాడ్జి, దాని కింద హోటలు, ఆ తర్వాత రోడ్డు అని చెప్పాను. ఆమె నాకు మజ్జిగ ఇప్పించి, ఆయన భోజనానికి వచ్చేదాకా ఉండమన్నారు.

చెన్నకేశవులు గారు వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే రత్తమ్మ గారు అడిగారు. కూరగాయల బుట్ట తెచ్చే మనిషీ, చాకలీ, పేరంటానికి వచ్చే ఆడవాళ్లూ అందరూ లాడ్జిలో దిగిన మగవాళ్ల మధ్య నుంచే రావాలా అని. ఆయన నవ్వుతూ పట్నాల్లో అంతేనన్నారు. అప్పుడామె గొంతు తగ్గించి, అత్తగారికి రేపు కానిది ఏదన్నా అయితే ఏ దారిన తీసుకుపోతారని అడిగారు.

ఆయన ముఖం మారిపోయింది. “అన్నం వేళ అవేం మాటలు? అపశకునం కాదూ?”

“శకునం సంగతి కాదు. నేను దారి సంగతి అడుగుతున్నా.”

అప్పుడు గోడ దగ్గరనుంచి ముసలావిడ మాట్లాడారు. “దాన్ని కసురుకోబాకరా. అది అడిగింది నిజమే. నన్ను అన్నం తినేవాళ్ల మధ్యలో నుంచి దించితే ఆ తర్వాత నీ హోటలుకు ఎవరొస్తారు?”

ఆయన సుద్దగీతల పక్కన అలాగే నిలబడ్డారు. ఎన్నో బేరాలు తెంపిన మనిషి, లాభనష్టాలు క్షణంలో చెప్పగలిగిన మనిషి. ఇది మాత్రం ఆయన ఆలోచించని సంగతని ముఖం చూస్తేనే తెలిసింది. నేనూ ఆ ముసలావిడ ముఖంలోకి చూడలేక నేల చూపులు చూశాను. అంతకాలం ఆ మేడ ప్లాను మేమిద్దరం మగవాళ్లం బల్ల మీదే చూసుకున్నాం. అందులో కాపురం ఉండబోయేవాళ్ల దగ్గరికి నేనుగా వెళ్లి చూపించడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే ఆయన పని దగ్గరికి వచ్చారు. ఆ మూల ప్యానెల్ ఎక్కడో చూపించమన్నారు. కింద నిలబడి పైకి చూసి, “ఊరి సంగతి నేను చూసుకుంటా. స్లాబు సంగతి మీరు చూసుకోండి” అన్నారు. విత్తనాల వ్యాపారికి తనే నచ్చజెప్పుకుంటానన్నారు.

స్లాబు సంగతి చెప్పినంత తేలికేమీ కాదు. పక్కపక్కనున్న స్లాబులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాటిలో ఇనుప చువ్వలు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి సాగుతాయి. మూల ప్యానెల్‌ను తీసేస్తే దాని పక్క ప్యానెల్‌కు ఒకవైపు ఆసరా తగ్గుతుంది, నడుము దగ్గర ఎక్కువ వంగాలని చూస్తుంది. లెక్కలన్నీ మళ్లీ వేశాను. పక్క ప్యానెల్ కింద అడ్డంగా ఇంకో బీము పోస్తే సరిపోతుందని తేలింది. ముందు అది పోయించి, గట్టిపడనిచ్చి, కింద సరుగుడు గుంజలు ఆనించి, అప్పుడు పగలగొట్టడం మొదలుపెట్టాం. మస్తాను మేస్త్రీ తన చేత్తో పోసినదాన్ని తన చేత్తోనే కొట్టాల్సి వచ్చిందని రెండు రోజులు కూలివాళ్ల మీద విసుక్కున్నాడు.

అనుకున్నట్టే ఊరు గుప్పుమంది. నాలుగంతస్తుల మేడ కూలుతోందట, నల్లరేగడి ఊరుకుంటుందా అన్నారు. క్రోసూరులో ఒకాయన నాచేత బియ్యం మిల్లుకు గోడౌను కట్టించుకుంటానని మాటిచ్చి ఉన్నాడు. ఆయన వేరే మనిషిని చూసుకున్నానని కబురు పంపాడు. బస్టాండులో టీ తాగుతుంటే నేనెవరో తెలియని ఒకతను ఆ మేడ పక్కగా నడవద్దని నాకే సలహా చెప్పాడు.

అప్పుడు, పగలగొట్టిన మూలకు పక్కనున్న ప్యానెల్‌కు లోడ్ టెస్ట్ చేద్దామని చెన్నకేశవులు గారితో అన్నాను. స్లాబు మీద అది రోజూ మోయబోయే బరువు కంటే ఎక్కువ ఇసుక బస్తాలు పేర్చి ఒక పగలూ రాత్రీ ఉంచుతారు. ఎంత వంగిందో, బరువు తీశాక ఎంతవరకు తిరిగి లేచిందో కొలుస్తారు. ఆయనకు ఆ మాట నచ్చింది. మిర్చి కొట్టునుంచి ఖాళీ గోతాలు పంపించారు. ఇసుక బస్తాలు పైకి మోస్తుంటే రోడ్డంతా జనం.

బస్తాలు పేర్చడం అయ్యాక ఆయన కొట్టునుంచి తన కుర్చీ తెప్పించి, సరిగ్గా ఆ స్లాబు కింద వేయించుకున్నారు. నేను వద్దన్నాను. ఏదైనా జరిగితే ఆపడానికి గుంజలు నిలబెట్టి ఉంచాం, అయినా పరీక్ష జరిగేటప్పుడు కింద మనిషి ఉండకూడదు.

“మీకు నమ్మకం లేదా?” అన్నారు.

“నమ్మకం ఉంది. కుర్చీ అవసరం లేదంటున్నాను.”

“మీకు అవసరం లేదు. రేపు ఈ అంగళ్లు అద్దెకిచ్చేది నేను.”

అని, పేపరు విప్పుకుని కూర్చున్నారు. ఇక నేను బయట నిలబడితే ఏం బాగుంటుంది? నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. మస్తాను మేస్త్రీ వచ్చి మా ఎదురుగా ఇటుకల మీద కూర్చున్నాడు. జనం రోడ్డు మీద నుంచి మమ్మల్నీ, మా నెత్తిన ఉన్న స్లాబునూ చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఆయన పేపరు పేజీ తిప్పకుండా ఒకే పేజీ చదువుతున్నారని నేను గమనించాను. మర్నాడు బస్తాలు దించి కొలిస్తే స్లాబు వంగినది దాదాపుగా తిరిగి లేచింది. ఆ తర్వాత పుకారు ఆగింది. క్రోసూరు పని మాత్రం తిరిగి రాలేదు.

జూను నాటికి పై అంతస్తు పూర్తిగా ముగియలేదు. హాస్టలు సగానికి తలుపులూ, గచ్చూ పూర్తిచేసి ఇచ్చాం. వెనక మెట్లదారికి కింద సందులో ఒక గట్టి తలుపు పెట్టించాను. లాడ్జి, హోటలు అంతస్తుల దగ్గర ఆ మెట్లకు ఎక్కడా తలుపు లేదు, నిండు గోడే.

బళ్లు తెరిచే ముందు ఇన్నారెడ్డి గారు వచ్చారు. శౌరమ్మ కూడా వచ్చింది. ఆయన కూతురి రేకు పెట్టె భుజాన పెట్టుకుని ఆ మెట్లు పైదాకా ఎక్కారు. ప్రతి మలుపులోనూ ఆగి గోడ మీద చేత్తో తట్టి చూశారు. మళ్లీ కిందికి దిగి తలుపు మూసి, తెరిచి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. తన దగ్గరొకటి, రత్తమ్మ గారి దగ్గరొకటి ఉంటాయని కరుణమ్మ గారు చెప్పారు. ఆయన తలూపి, “అయితే సరే టీచరమ్మా. పిల్లను ఉంచుకోండి” అన్నారు.

శౌరమ్మ ఎస్.ఎస్.ఎల్.సి. పాసై టీచరు ట్రైనింగుకు పోయిందని తర్వాత విన్నాను. రత్తమ్మ గారు కూరగాయలూ చుట్టాలూ అన్నీ ఆ వెనక దారినే తెప్పించుకునేవారు. పోయిన అంగడి గురించి చెన్నకేశవులు గారు నేను కనబడినప్పుడల్లా గొణిగేవారు కానీ, హోటలువాళ్లు ఫిర్యాదులతో ఎదురుచూస్తున్న రోజుల్లో ఆయన కూడా ఆ మెట్లే ఎక్కేవారు.

ఆ మేడ తర్వాత నాకు గురజాలలోనూ, మాచర్లలోనూ చాలా పనులు వచ్చాయి. కింద వ్యాపారం, పైన కాపురం ఉండే కట్టడాలే ఎక్కువ. బరువులూ ఇనుమూ లెక్క కట్టడం నేను చదువులో నేర్చుకున్నాను. అందులో ఎవరెవరు ఉంటారు, ఏ వేళ ఎటునుంచి వస్తారు, ఎవరి ఎదుట పడకుండా పోవాలనుకుంటారు అన్నది అడగడం ఆ మేడ దగ్గర నేర్చుకున్నాను. అప్పటినుంచి ఎవరు ప్లానుకు వచ్చినా, వాళ్లింటికి వెళ్లి ఆడవాళ్ల ముందు నేల మీద సుద్దతో గీయనిదే కాయితం మీద గీసేవాణ్ణి కాదు. ఇంటి యజమానిని నేనుండగా మీకు ఇంకెవరి మాట కావాలని కొందరు విసుక్కున్నారు. ఒకరిద్దరు పని వేరేవాళ్లకు ఇచ్చుకున్నారు. ఇచ్చుకోనిచ్చాను.